బోస్టను జట్టు అమ్ముకొనిన ఆటగాండ్రు

అమెరికా దేశమున బేస్‌బాల్ అను ఆట యొకటి కలదు. మన క్రికెట్టునకు అది దూరపు చుట్టము. ఒకడు బంతిని విసరును. వేరొకడు గుండ్రని కోలతో కొట్టును. బంతి ఆవరణము దాటి పోయినచో దానిని హోం రన్ అందురు. అచ్చటి జట్లు ధనికుల సొత్తు, ఆటగాండ్రు జీతగాండ్రు. యజమాని తన ఆటగానిని రొక్కమునకు గాని, మరియొక ఆటగానికి బదులుగా గాని వేరొక జట్టున కిచ్చివేయవచ్చును. అట్టి బేరములలో బోస్టను నగరపు రెడ్ సాక్స్ జట్టు చేసినవానిని గూర్చి నేడు మనవి చేయుదును.

ఆ జట్టు 1912, 1915, 1916, 1918 సంవత్సరములలో వరల్డ్ సిరీస్ అను అంతిమ పోటీలో గెలిచి మేటియై నిలిచెను. మరల గెలుచుట 2004లోనే. నడుమ 86 ఏండ్లు! బేబ్ రూత్ అను ఆటగానిని అమ్మినందున తగిలిన శాపమని జనులు చెప్పుకొనిరి. నాకు శాపములయందు నమ్మకము లేదు. అప్పులయందు మాత్రము కలదు.

అమ్మకములు రూత్‌తో మొదలు కాలేదు. 1916 ఏప్రిల్‌లో అప్పటి యజమాని లానిన్, జీతము తగ్గింపబోగా సమ్మతింపని ట్రిస్ స్పీకర్ అను మేటి ఆటగానిని క్లీవ్‌లండు జట్టున కిచ్చివేసెను. ప్రతిఫలము 55,000 డాలర్లును, ఇద్దరు ఆటగాండ్రును. అయినను ఆ యేడు బోస్టనే గెలిచెను. ఆ గెలుపే చెరుపైనదని నా తలంపు. ఎంతవానిని అమ్మినను ఇంటికి లోటు రాదను ధైర్యము దానివలన కలిగియుండును.

ఆ యేటి చివర హారీ ఫ్రేజీ అను నాటకముల వ్యాపారి జట్టును కొనెను. వెల యంతయు చెల్లింపక లానిన్‌కు పత్రములు వ్రాసి యిచ్చెను. 1918లో యుద్ధము కారణముగా ఆటలు ముందుగనే ముగిసి రాబడి తగ్గెను. 1919 చివరకు బాకీ గడువు మీదికి వచ్చెను.

రూత్ 1914లో బోస్టనుకు వచ్చినవాడు. మొదట బంతి విసరుటలో దిట్ట. 1919లో 29 హోం రన్లు కొట్టెను. అంతకు పూర్వ మెవ్వరును ఒక్క యేట అన్ని కొట్టలేదు. ఏటికి 10,000 డాలర్లకు ఒడంబడిక యుండగా 20,000 అడిగెను. ఫ్రేజీ యాతనిని న్యూయార్కు యాంకీస్ జట్టునకు అమ్మెను. 1919 డిసెంబరు 26న వ్రాతకోతలు జరిగెను. 1920 జనవరి 5న ప్రకటించిరి. వెల లక్ష డాలర్లు. అందులో రొక్కము 25,000, తక్కినదానికి నోట్లు. అదిగాక యాంకీస్ యజమాని రూపర్టు ఫెన్వే పార్కు అను బోస్టను ఆటస్థలమును తాకట్టుగా గైకొని మూడు లక్షల డాలర్లు అప్పిచ్చుట కొప్పుకొనెను. గట్టు అవతలి రైతునకే పొలము కుదువబెట్టి, అరకయెద్దును సైతము అతనికే అమ్మినట్లాయెను. మీకు నేను వివరింప నక్కరలేదు.

నాటక మొకటి ఆడించుటకై రూత్‌ను అమ్మెనని వాడుక. 'నో నో నానెట్' అను ఆ సంగీత నాటకము న్యూయార్కులో 1925లో గాని ఆడలేదు. దానికి మూలమైన వచన నాటకము మాత్రము 1919 డిసెంబరులోనే ఆడెను. కథ అక్కడ పుట్టినది కాబోలు.

రూత్ మాట యేమి? ఆతడు కాలిఫోర్నియాలో నుండగా యాంకీస్ శిక్షకుడు హగిన్స్ పోయి సంగతి తెలిపెను. వెలలో తనకును భాగము కావలెనని రూత్ అడిగెను. ఫ్రేజీ ఇయ్యలేదు. రిజర్వు నిబంధన యను కట్టుబాటు వలన ఆటగాడు తనంత తాను వేరొక జట్టునకు పోరాదు. 1969లో కర్ట్ ఫ్లడ్ అను ఆటగాడు తన్ను వేరొక జట్టున కిచ్చుటను ధిక్కరించి 1970లో వ్యాజ్యెమాడెను. 1972లో సుప్రీం కోర్టులో ఓడెను. 1975లో ఒక మధ్యవర్తి తీర్పుతో ఆ బంధము సడలెను.

యాంకీస్‌లో రూత్ 1920లో 54 హోం రన్లు కొట్టెను. మేస్ అను విసరువాడు 1919లోనే అచ్చటికి పోయియుండెను. పిదప హోయిట్, జోన్స్, బుష్, పెనక్ అను విసరువారును అటే పోయిరి. 1923లో యాంకీస్ తొలిసారి మేటి జట్టైనపుడు వారి ముఖ్యులైన విసరువారిలో ఒక్కడు తప్ప అందరును బోస్టను నుండి వచ్చినవారే! ఆ యేడే ఫ్రేజీ తన జట్టును అమ్మివేసెను. 1922 మొదలు 1932 వరకు గల 11 ఏండ్లలో రెడ్ సాక్స్ 9 మార్లు తమ లీగులో కడపటి స్థానమున నిలిచిరి.

ఇచ్చిపుచ్చుకొనుట యెల్లపుడును చేటని నే ననను. 1997 జూలైలో ఇదే బోస్టను, స్లోకంబ్ అను ఒక్కని సియాటిల్ జట్టున కిచ్చి లో, వారిటెక్ అను ఇద్దరు యువకులను తెచ్చుకొనెను. 2004లో వరల్డ్ సిరీస్ కడపటి ఆటను ఆరంభించి బంతి విసరినవాడు లో. దానిని పట్టినవాడు వారిటెక్.