ఆంధ్రప్రదేశ్ రాజకీయ పక్షాలు - స్వలింగ ప్రేమికుల హక్కులు

స్వలింగ ప్రేమికుల హక్కుల విషయంలో ఆంధ్రప్రదేశ్ లోని రాజకీయ పక్షాలు అవలంబించిన వైఖరి, ఆ వైఖరికి స్వలింగ ప్రేమికులైన ఓటర్లకు గల సంబంధం ఈ వ్యాసంలో వివరించబడినవి. విజయవాడ నగరంలోని గవర్నర్‌పేటలో కాంగ్రెసు పార్టీ రాష్ట్ర కార్యాలయమైన ఆంధ్రరత్న భవన్, మార్క్సిస్టు పార్టీ రాష్ట్ర కార్యాలయం రెండూ ఉన్నాయి. ఈ హక్కుల గురించి ఎన్నికల ప్రణాళికలలో స్పష్టంగా వ్రాసినవి ఈ రెండు పార్టీలే. అయితే 2014, 2019, 2024 శాసనసభ ఎన్నికలలో నేటి ఆంధ్రప్రదేశ్ పరిధిలో ఈ రెండింటికీ ఒక్క స్థానమైనా దక్కలేదు. తన హక్కును బట్టి ఓటు వేయదలచిన వ్యక్తికి ఇక్కడ ఎదురయ్యే చిక్కు ఇదే. మాట ఇచ్చినవారికి సభలో చోటు లేదు, సభలో చోటు ఉన్నవారు మాట ఇవ్వలేదు.

ఓటర్ల జాబితా

భారతదేశంలో ఓటర్ల జాబితా స్త్రీ, పురుష భేదాన్ని మాత్రమే నమోదు చేసేది. 2009లో ఎన్నికల సంఘం "ఇతరులు" అనే మూడవ గడిని చేర్చింది. 2024 మే నెలలో జరిగిన ఎన్నికల నాటికి ఆంధ్రప్రదేశ్ లో మొత్తం ఓటర్లు 4,14,01,887 మంది కాగా, వారిలో మూడవ వర్గంలో నమోదైనవారు 3,421 మంది.

ఈ సంఖ్య హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్లకు సంబంధించినది, స్వలింగ ప్రేమికులకు సంబంధించినది కాదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం పత్రికలలో సైతం తరచు కనిపించే పొరపాటు. మొదటిది ఒక వ్యక్తి తనను స్త్రీగా భావిస్తున్నాడా, పురుషునిగా భావిస్తున్నాడా అనే విషయం. రెండవది ఎవరిని ప్రేమిస్తున్నాడనే విషయం. స్వలింగ ప్రేమికులు జాబితాలో సాధారణ స్త్రీ పురుషులుగానే ఉంటారు. కాబట్టి వారి లెక్క ఏ పార్టీ వద్దా లేదు. కృష్ణా డెల్టాలో అభ్యర్థి ఎంపిక మొదలుకొని ప్రతి నిర్ణయమూ కులాల లెక్కను బట్టి జరుగుతుంది. లెక్కకు రాని ఓటును ఎవరూ అడగరు. అమెరికాలో పోలింగు కేంద్రాల వద్ద జరిపే సర్వేలలో ఈ ప్రశ్న అడుగుతారు. 2012 అధ్యక్ష ఎన్నికలో తాము స్వలింగ ప్రేమికులమని చెప్పినవారు సుమారు 5 శాతం. వారిలో 76 శాతం మంది ఒబామాకు ఓటు వేసినట్లు ఆ సర్వే తెలిపింది.

చట్టపరమైన నేపథ్యం

1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను స్వలింగ సంపర్కాన్ని నేరంగా పరిగణించింది. వయోజనుల మధ్య పరస్పర సమ్మతితో జరిగే చర్యకు ఇది వర్తించదని 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. చివరకు 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇది నేరం కాదని ఏకగ్రీవంగా నిర్ణయించింది. ఈ మార్పు ఏ దశలోనూ చట్టసభ ద్వారా రాలేదు.

జాతీయ పక్షాలు

ఢిల్లీ హైకోర్టు విచారణ కాలంలో అధికారంలో ఉన్న కాంగ్రెసు నాయకత్వపు ప్రభుత్వంలోనే ఏకాభిప్రాయం లేదు. హోం శాఖ 377ను సమర్థించగా, ఎయిడ్స్ నియంత్రణ దృష్ట్యా ఆరోగ్య శాఖ వ్యతిరేకించింది. 2013 తీర్పు తరువాత పార్టీ వైఖరి స్పష్టమయింది. 2014 ప్రణాళికలో 377ను సవరిస్తామని, 2024 ప్రణాళికలో విస్తృత సంప్రదింపుల అనంతరం స్వలింగ జంటల సహజీవనాన్ని గుర్తించే చట్టం తెస్తామని పేర్కొంది. ఆ పార్టీకి చెందిన శశి థరూర్ 377 సవరణకై ప్రవేశపెట్టబోయిన బిల్లును 2015 డిసెంబరులో లోక్‌సభ 71-24 ఓట్ల తేడాతో ప్రవేశదశలోనే తిరస్కరించింది. ఐదువందలకు పైగా సభ్యులున్న సభలో ఓటింగులో పాల్గొన్నవారు నూరుమంది కూడా లేరన్నది గమనించవలసిన విషయం.

మార్క్సిస్టు పార్టీ 2019 ప్రణాళికలో స్వలింగ జంటలకు వివాహంతో సమానమైన చట్టబద్ధ గుర్తింపు, వారసత్వ హక్కు కల్పించాలని కోరింది. అంశాలవారీగా ఇంత వివరంగా వ్రాసిన పార్టీ మరొకటి లేదు.

భారతీయ జనతా పార్టీ 2013లో 377ను సమర్థించింది. 2018లో ఆ పార్టీ ప్రభుత్వం నిర్ణయాన్ని న్యాయస్థానానికే వదలివేసింది. 2023లో మాత్రం స్వలింగ వివాహాన్ని ప్రమాణపత్రం ద్వారా గట్టిగా వ్యతిరేకించింది. 2024 ప్రణాళికలో ట్రాన్స్‌జెండర్ల వసతి గృహాల విస్తరణను ప్రస్తావించింది.

ప్రాంతీయ పక్షాలు

వైఎస్సార్ కాంగ్రెసు వారి 2019 "నవరత్నాలు"లో గాని, తెలుగుదేశం వారి 2024 "సూపర్ సిక్స్"లో గాని స్వలింగ ప్రేమికుల ప్రస్తావన లేదు. ట్రాన్స్‌జెండర్ల సంక్షేమం విషయం వేరు. 2017 డిసెంబరులో తెలుగుదేశం ప్రభుత్వం వారికి నెలకు 1,500 రూపాయల పింఛను ఇచ్చే విధానాన్ని ఆమోదించింది. 2024 జులై నుండి ఎన్టీఆర్ భరోసా పథకంలో ఇది 4,000 రూపాయలయింది. పింఛను ఇవ్వడానికి పార్టీలకు అభ్యంతరం లేదు. హక్కు అనే మాట వద్దనే వెనుకడుగు.

ఇది 2023లో స్పష్టంగా బయటపడింది. హైదరాబాదులో నివసించే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే జంట తమ వివాహాన్ని గుర్తించమని 2022లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 2023 ఏప్రిల్ 18న కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం కోరుతూ లేఖ వ్రాసింది. ఏడు రాష్ట్రాలు మాత్రమే బదులిచ్చాయి. వాటిలో నాలుగు గడువు కోరగా, ఆంధ్రప్రదేశ్, రాజస్థాన్, అస్సాం వ్యతిరేకించాయి. ఆ సమయంలో ఆంధ్రప్రదేశ్ లో వైఎస్సార్ కాంగ్రెసు, రాజస్థాన్ లో కాంగ్రెసు, అస్సాంలో భాజపా అధికారంలో ఉన్నాయి. మూడు వేర్వేరు పార్టీలది ఒకే సమాధానం. రాష్ట్రంలోని వివిధ మతాల పెద్దలను సంప్రదించి ఈ అభిప్రాయానికి వచ్చినట్లు ఆంధ్రప్రదేశ్ తెలియజేసింది.

2023 అక్టోబరు 17న వెలువడిన తీర్పులో వివాహం ప్రాథమిక హక్కు కాదని ధర్మాసనం ఏకగ్రీవంగా పేర్కొంది. సహజీవనానికి చట్టబద్ధ గుర్తింపు ఇచ్చే విషయంలో 3-2 తేడాతో నిరాకరించింది. నిరాకరించిన ముగ్గురిలో తెలుగువాడైన జస్టిస్ పి.ఎస్. నరసింహ ఒకరు. ఈ విషయం చట్టసభలు తేల్చవలసినదని తీర్పు పేర్కొన్నందున, పార్టీల వైఖరికి మునుపటికంటె ప్రాముఖ్యం పెరిగింది.

ఎన్నికలలో అభ్యర్థులు

2018 తెలంగాణ ఎన్నికలలో చంద్రముఖి అనే ట్రాన్స్‌జెండర్ మహిళ గోషామహల్ నుండి మార్క్సిస్టుల నాయకత్వంలోని బహుజన లెఫ్ట్ ఫ్రంట్ అభ్యర్థిగా నిలిచారు. 2019లో తమన్నా సింహాద్రి విజయవాడకు ఆనుకొని ఉన్న మంగళగిరిలో స్వతంత్ర అభ్యర్థిగా, 2024లో పిఠాపురంలో ఒక చిన్న పార్టీ తరఫున పోటీ చేశారు. ఎవరూ గెలవలేదు.

పార్టీ విధేయత

ఇతర దేశాలలో ఈ ఓటర్లు ఒకే పార్టీకి కట్టుబడి ఉన్నారనుకోవడం సరికాదు. అమెరికాలో రిపబ్లికను పార్టీకి చెందిన స్వలింగ ప్రేమికులు 1977లోనే "లాగ్ కాబిన్" అనే సంఘాన్ని స్థాపించుకున్నారు. బ్రిటనులో 1988లో పాఠశాలల్లో ఈ విషయ ప్రచారాన్ని నిషేధించినది కన్సర్వేటివు ప్రభుత్వమే. 2013లో స్వలింగ వివాహ చట్టం తెచ్చినదీ ఆ పార్టీ ప్రధానే. అయితే రెండవ పఠనంలో ఆ పార్టీ సభ్యులలో అనుకూలించినవారికంటె వ్యతిరేకించినవారే ఎక్కువ.

ఆంధ్రదేశంలో పార్టీ విధేయత కుటుంబం నుండి, ఊరి నుండి వస్తుంది. ఇంట్లో తన సంగతి చెప్పుకోలేని వ్యక్తి ఆ ఇంటివారితో కలిసి ఆ ఇంటి పార్టీకే ఓటు వేసి వస్తాడు. పైకి చెప్పనిదే సంఘం ఏర్పడదు, సంఘం లేనిదే పార్టీ కదలదు.

విజయవాడ జంట కేసు

విజయవాడలో కలిసి నివసిస్తున్న ఇద్దరు మహిళలలో ఒకరిని తండ్రి నిర్బంధించారని రెండవ మహిళ ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను వేశారు. 2024 డిసెంబరులో జస్టిస్ ఆర్. రఘునందనరావు, జస్టిస్ కె. మహేశ్వరరావులతో కూడిన ధర్మాసనం, వయోజనురాలైన ఆమెకు తన భాగస్వామిని ఎంచుకొనే హక్కు ఉన్నదని, తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదని ఆదేశించింది. ఆమె తన భాగస్వామి వద్దకు చేరారు.