ముఖం రెండు వైపులా ఒకేలా లేకపోతే కారణం రక్తమేనా?

సెల్ఫీ చూసుకుంటే ఒక కన్ను కాస్త కిందికి, ముక్కు కొంచెం పక్కకి ఉన్నట్టు అనిపిస్తుంది కదా? అమ్మానాన్నలవి వేరు వేరు జాతులైతే, "రెండు రక్తాలు పొసగలేదు, అందుకే ఇలా" అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాట వెనక ఉన్న చరిత్ర ఈరోజు చెప్తాను.

అమెరికాలో చార్లెస్ డావెన్‌పోర్ట్ అనే జీవశాస్త్రవేత్త ఉండేవాడు. జాతులు కలిస్తే పిల్లల శరీర భాగాలు ఒకదానికొకటి అతకవని ఆయన వాదన. 1929లో మోరిస్ స్టెగర్డాతో కలిసి, జమైకా జనాన్ని కొలిచిన లెక్కలతో పుస్తకం వేశాడు. మిశ్రమ సంతతిలో కొందరికి చేతులు పొడవు, కాళ్లు పొట్టి అన్నాడు. మరుసటి ఏడాదే విలియం కాజిల్ అనే జన్యుశాస్త్రవేత్త, ఆ తేడా లెక్కలోకి రానంత చిన్నదని తేల్చేశాడు.

కానీ ఇలాంటి వాదనల అండతోనే వర్జీనియా రాష్ట్రం 1924లో తెల్లవాళ్లు వేరే జాతివాళ్లను పెళ్లాడకూడదని చట్టం చేసింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది ఎప్పుడో తెలుసా? 1967లో!

మరి అసలు నిజం ఏంటి? ముక్కు, దవడ ఆకారంలో పూర్వీకుల జన్యువుల పాత్ర ఉంది. అయితే ఎడమ సగం అమ్మది, కుడి సగం నాన్నది కాదు. రెండు వైపులా కణాల్లో ఇద్దరి డీఎన్ఏ ఉంటుంది. ఎదుగుదలలో వచ్చే చిన్న తేడాలు అందరి ముఖాల్లోనూ ఉంటాయి.

ఇంకో మాట. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి మన దేశంలోని జనాల డీఎన్ఏ చూశారు. దాదాపు అందరిలోనూ రెండు ప్రాచీన జనాల కలయిక కనిపించింది. అంటే మనమంతా మిశ్రమ సంతతే. ఇక ఎవరి ముఖం చూసి ఎవరు వంక పెట్టాలి, చెప్పండి?