పోలీసుల వీడియోలో మీ ముఖం టీవీకెక్కితే? మీ హక్కులేంటి, ఎవరికి ఫిర్యాదు చేయాలి?

శనివారం రాత్రి అనకాపల్లి నెహ్రూ చౌక్‌ మీదుగా బైక్‌పై ఇంటికెళ్తున్నారనుకుందాం. పోలీసులు ఆపి బ్రీత్‌ ఎనలైజర్‌లో ఊదమన్నారు. ఒకవైపు పోలీసు కెమెరా, మరోవైపు చానల్‌ మైక్‌. మీకు రీడింగ్‌ సున్నా వచ్చింది. అయినా తెల్లారేసరికి మీ ముఖం, మీ కంగారు మ్యూజిక్‌తో సహా యూట్యూబ్‌లో తిరుగుతోంది. అప్పుడు ఏం చేయాలి?

ముందుగా ఒక విషయం గుర్తుంచుకోండి. రికార్డు చేయడం వేరు, ప్రసారం చేయడం వేరు. మొదటిది దర్యాప్తు కోసం. రెండోదానికి హద్దులున్నాయి.

ఈ షోలు ఎక్కడ మొదలయ్యాయి?

అమెరికాలో 1989లో ఫాక్స్‌ చానల్‌లో 'కాప్స్‌' మొదలైంది. పోలీసుల వెంటే కెమెరా వెళ్తుంది, జరిగింది జరిగినట్టు చూపిస్తుంది. 2016లో 'లైవ్‌ పీడీ' వచ్చింది. 2019లో టెక్సాస్‌లో ఒక వ్యక్తిని పోలీసులు అదుపులోకి తీసుకుంటుండగా చనిపోయాడు. ఆ సమయంలో 'లైవ్‌ పీడీ' బృందం అక్కడే చిత్రీకరిస్తోంది. అది ప్రసారం కాలేదు. తర్వాత ఆ ఫుటేజీని చెరిపేశారని తేలింది. 2020 జూన్‌లో, జార్జ్‌ ఫ్లాయిడ్‌ మృతిపై నిరసనల మధ్య, రెండు షోలూ ఆగాయి. 'కాప్స్‌' మాత్రం తర్వాత మరో వేదికపై తిరిగొచ్చింది.

పోలీసులు సోదాకు వెళ్తూ మీడియాను ఇంట్లోకి తీసుకెళ్లడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది.

మన దగ్గర పరిస్థితి ఏంటి?

మన టీవీ క్రైమ్‌ కార్యక్రమాల్లో ఎక్కువగా నటులతో తీసిన సన్నివేశాలే ఉంటాయి. అసలు ఫుటేజీ మాత్రం డ్రంకెన్‌ డ్రైవ్‌ తనిఖీల వీడియోలు, సీసీ కెమెరా క్లిప్పులు, గంజాయి పట్టివేత ప్రెస్‌మీట్ల రూపంలో మన ఫోన్లకు చేరుతోంది. షో పేరు లేకపోయినా చూపించేది అదే.

పోలీసులు రికార్డు చేయొచ్చా?

చేయొచ్చు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌ సెక్షన్‌ 105 ప్రకారం సోదాలు, స్వాధీనాలను వీడియో తీయడం తప్పనిసరి. అయితే ఆ రికార్డింగ్‌ ఆలస్యం లేకుండా వెళ్లాల్సింది మేజిస్ట్రేట్‌ దగ్గరికి.

తనిఖీలో ఊదడానికి నిరాకరించకండి. నిరాకరిస్తే, మద్యం తాగారన్న అనుమానానికి కారణం ఉన్నప్పుడు అరెస్టు చేసే అధికారం మోటారు వాహనాల చట్టం పోలీసులకు ఇచ్చింది. చానల్‌ మైక్‌కు మాత్రం మీరు జవాబు చెప్పాల్సిన పనిలేదు.

ప్రసారానికి హద్దులేంటి?

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. లైంగిక దాడి బాధితుల వివరాలు బయటపెట్టడం బీఎన్‌ఎస్‌ సెక్షన్‌ 72 కింద నేరం. కేసుల్లో ఉన్న పిల్లల గుర్తింపు వెల్లడించకూడదని జువెనైల్‌ జస్టిస్‌ చట్టం సెక్షన్‌ 74 చెబుతోంది.

ప్రెస్‌మీట్లలో నిందితుల ముఖాలకు ముసుగు వేయడం చూసే ఉంటారు. ముఖం ముందే టీవీలో కనిపిస్తే, తర్వాత సాక్షి గుర్తింపు పరేడ్‌లో గుర్తుపట్టినా దానికి విలువ తగ్గుతుంది. అంటే అత్యుత్సాహంతో చేసిన ప్రసారం కేసునే బలహీనపరచొచ్చు. పోలీసుల మీడియా సమావేశాలకు మార్గదర్శకాలు రూపొందించాలని 2023 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖను సుప్రీంకోర్టు ఆదేశించింది.

మీ వీడియో బయటికొస్తే ఎవరికి చెప్పాలి?

- ముందు లింక్‌, తేదీ, సమయం, స్క్రీన్‌షాట్‌ భద్రపరచుకోండి. డిలీట్‌ చేశాక ఆధారం దొరకదు.
- టీవీలో వస్తే చానల్‌ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపండి. 2021 కేబుల్‌ టీవీ నిబంధనల ప్రకారం 15 రోజుల్లో తేల్చాలి. సంతృప్తి చెందకపోతే ఆ చానల్‌ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు చేయొచ్చు.
- యూట్యూబ్‌, ఫేస్‌బుక్‌లలో వస్తే అక్కడి ప్రైవసీ ఫిర్యాదు ఫారం నింపండి.
- వీడియో పోలీసుల నుంచే బయటికొచ్చిందనుకుంటే జిల్లా ఎస్పీ కార్యాలయంలో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌నూ ఆశ్రయించొచ్చు.

ఆ ఫుటేజీ మీకే అవసరమైతే?

కొన్నిసార్లు మిమ్మల్ని కాపాడేది ఆ వీడియోనే. ప్రతి పోలీస్‌ స్టేషన్‌లో సీసీ కెమెరాలు ఉండాలని, ఫుటేజీని 18 నెలలు, అది వీలుకాకపోతే కనీసం ఏడాది ఉంచాలని 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్‌ సింగ్‌ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. స్టేషన్‌లో దెబ్బలు తగిలాయని ఫిర్యాదు చేస్తే మానవ హక్కుల కమిషన్‌ ఆ ఫుటేజీని తెప్పించుకోవచ్చు.

సమాచార హక్కు చట్టం కింద మీరూ అడగొచ్చు, 30 రోజుల్లో సమాధానం రావాలి. దర్యాప్తుకు ఆటంకమని తిరస్కరిస్తే అప్పీలు చేసుకోవచ్చు. కేసు నడుస్తుంటే బీఎన్‌ఎస్‌ఎస్‌ సెక్షన్‌ 94 కింద ఫుటేజీ తెప్పించాలని మీ లాయరు కోర్టును కోరవచ్చు. రోడ్డు మీది కెమెరాల్లో పాత ఫుటేజీ కొన్నాళ్లకే చెరిగిపోవచ్చు. కాబట్టి ఘటన జరిగిన వెంటనే, దాన్ని భద్రపరచాలని తేదీ, సమయం, స్థలం రాసి అర్జీ ఇవ్వండి.