ఆకాశయానము: ఏటపాక మొదలు మున్నేరు వరకు



భద్రాచలమునకు చేరువనే ఏటపాక యను గ్రామము కలదు. సీతను కొనిపోవు రావణుని జటాయువు అడ్డగించి పోరాడినది అచ్చటనే యని మన పెద్దల మాట. పర్ణశాలకు పోయినవారికి ఏటి కావలి గుట్టను చూపి, రావణుడు రథము నిలిపిన చోటు అదియే యని చెప్పుదురు. కావున ఈ యడవిసీమ వృద్ధులకు ఆకాశయానము క్రొత్తమాట కాదు. అయితే ఆ కథలో ఆకాశమున పోవువాడు దొంగ. రెక్కలు తెగి నేలకూలినవాడు మనవాడు. ఈ భేదమును కొంచెము జ్ఞాపకముంచుకొనుడు.

మనుష్యుడు నిజముగా నేల విడిచి తేలినది 1783లో, ఫ్రాన్సు దేశమున. మాంగోల్ఫియే సోదరులు గుడ్డతోను కాగితముతోను పెద్ద బుడగ చేసి, వేడిగాలితో నింపి పైకి పంపిరి. కాని చుక్కాని లేని పడవ వరదగోదావరిలో పోవునట్లు అది గాలి యెటు వీచిన అటే పోయెడిది.

దారి యెరిగి యెగురుట అమెరికాలో సైకిళ్ళు బాగుచేసి అమ్ముకొను రైటు సోదరుల వలన సాధ్యమైనది. 1903 డిసెంబరు 17వ తేదీన వారి యంత్రము మొదటిసారి 12 సెకండ్లు, 120 అడుగులు ఎగిరెను. మనము ఏబది అంగలలో దాటగల దూరము! రెక్కను వాలుగా నిలిపి వేగముగా ముందునకు నడపిన గాలి దానిని పైకెత్తును. గాలిపటము పట్టుకొని పరుగెత్తు పిల్లవానికిని ఇది తెలియును. ప్రక్కకు ఒరగిన యంత్రమును నడిగాలిలో మరల సరిచేయు ఉపాయము కనిపెట్టుటయే వారి అసలు ఘనత.

అటుపిమ్మట ఏడేండ్లకే ఆ వింత మన దేశమునకు వచ్చినది. 1911 ఫిబ్రవరి 18వ తేదీన పెకే యను ఫ్రెంచివాడు అలహాబాదున సుమారు 6,500 ఉత్తరములతో విమానమెక్కి, యమున దాటి నైనీలో దిగెను. లోకములో ప్రభుత్వపు తపాలా విమానమున పోవుట అదియే మొదలు.

ఆ కాలమున ఖమ్మము నిజాము రాజ్యమున వరంగల్లు జిల్లాలోనిది, భద్రాచలము ఇంగ్లీషువారిది. ఎల్లదాటు సరకునకు కరోడుగిరివారికి సుంకము చెల్లింపవలసినదే. ఆకాశమున పోవుదానిని ఏ నాకాదారుడు నిలుపగలడు? నిజాము ప్రభువు 1918లో ఇంగ్లీషువారి యొక విమానదళమునకు ద్రవ్యమిచ్చుటచే దానికి హైదరాబాదు పేరు కలిగినది. తరువాత బేగంపేటలోను, వరంగల్లు చెంత మామునూరులోను విమానములు దిగు మైదానములు వెలసినవి. ఆ రాజ్యమునకు దక్కను ఎయిర్‌వేస్ అను సొంత విమాన సంస్థయు ఉండి, 1953లో దేశపు సంస్థలో కలిసిపోయినది.

ఇంతలో వింత కాస్త భయమైనది. 1942 ఏప్రిలు 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. భద్రాచలము తాలూకా ఆనాడు తూర్పుగోదావరి జిల్లాలోనిది. ఆ జిల్లాకు ముఖ్యపట్టణము కాకినాడయే. ఆకాశమున పోవువాడు దొంగ యను పాతమాట మరల నిజమైనది.

ఇక మన కాలమునకు వత్తము. 2024 జూలై 18వ తేదీన అశ్వారావుపేట దగ్గర పెద్దవాగు పొంగినప్పుడు నీటిలో చిక్కిన వారిని హెలికాప్టరు వచ్చి ఎత్తుకొని పోయినది. ఒక్కచోటనే నిలిచి తేలగలది గనుక, దిగుటకు మైదానము లేని వరదలో ఇట్టి పనికి దానిని మించినది లేదు. దానిని చూచి వింతపడినవారికంటె ఆలస్యమైనదని విసుగుకొన్నవారే యెక్కువ యుందురని నా యూహ. విసుగుకొనుట తప్పనను. అది వచ్చితీరవలసిన దని జను లనుకొను కాలము వచ్చినది.

అటుపిమ్మట ఆరువారములకు, సెప్టెంబరు 1వ తేదీన, ఖమ్మమున మున్నేరు పొంగెను. ప్రకాశ్‌నగర్ వంతెనపై తొమ్మండుగురు చిక్కుకొనిరి. ఇరువైపులను నీరే. హెలికాప్టరును కోరిరి, వాతావరణము అనుకూలింపలేదు. మేఘము క్రిందికి దిగి, వాన దట్టమైనప్పుడు నడుపువానికి తీగలును చెట్లును కానరావు. ఎంతటి యంత్రమైనను నేలనే యుండవలసినదే. ఆ తొమ్మండుగురు గంటల తరబడి ఆకాశమువైపు చూచుచుండిరి.

కడకు రాత్రి, మన్ను త్రవ్వు జేసీబీ యంత్రమును నడుపు నొకడు దానిని వరదలోనికి దింపెను. నేల విడువని యంత్రమది. అతడు వంతెన చేరి, తొమ్మండుగురిని ఎక్కించుకొని, వచ్చిన దారినే యొడ్డునకు తిరిగి వచ్చెను.