ఆంధ్ర తీరంలో రొయ్యల సాగు: పరిశ్రమ బాధ్యత చరిత్ర

భారతదేశంలో చెరువుల్లో పెంచే ఉప్పునీటి రొయ్యల్లో మూడింట రెండు వంతులకు పైగా ఆంధ్రప్రదేశ్‌వే. నెల్లూరు నుంచి శ్రీకాకుళం వరకు విస్తరించిన ఈ సాగు ఎగుమతుల కోసమే ఎదిగింది. తీరభూమి, నీరు, కూలీల విషయంలో ఈ పరిశ్రమ బాధ్యత ఎంత అన్న ప్రశ్న 1990ల నుంచి కోర్టుల్లో, పార్లమెంటులో, కొనుగోలు దేశాల ప్రయోగశాలల్లో నలుగుతోంది. ఈ కాలంలో పెద్ద సంస్థలు చెరువులు వదిలి సీడ్ (రొయ్యపిల్లలు), మేత, ప్రాసెసింగ్ వైపు మళ్లాయి. నిబంధనలు పాటించే భారం ఎక్కువగా చిన్న రైతు మీద పడింది.

తొలి విస్తరణ

పోటుతో ఉప్పుటేళ్లలోకి వచ్చే నీటిని మళ్లించి, దానితోపాటు వచ్చిన పిల్లను పెంచడం పాత పద్ధతి. 1980ల చివర సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా) విశాఖపట్నంలో టాస్‌పార్క్ హ్యాచరీని నెలకొల్పాక సీడ్ కోసం సముద్రం మీద ఆధారపడాల్సిన అవసరం తగ్గింది. 1991 ఆర్థిక సంస్కరణలతో కార్పొరేట్ సంస్థలూ రంగంలోకి దిగాయి. టైగర్ రొయ్యకు జపాన్, ఐరోపా, అమెరికాల్లో పలికిన ధర చూసి వరి పొలాలు, ఉప్పుమడులు చెరువులుగా మారాయి. పక్క పొలాలు చౌడుబారాయని, తాగునీటి బావులు ఉప్పెక్కాయని, సముద్రం మీదికి వెళ్లే దారులు మూసుకుపోయాయని తీరగ్రామాల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. 1994–95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి పంటను తుడిచిపెట్టింది. ఒకే కాలువలోకి మురుగు వదిలి, అదే కాలువ నుంచి నీరు తోడుకునే పద్ధతి వ్యాధి వ్యాప్తికి తోడైంది.

సుప్రీంకోర్టు తీర్పు

తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ 1994లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. కోర్టు ఆదేశంతో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) ఆంధ్ర, తమిళనాడు తీరాలను పరిశీలించి నివేదిక ఇచ్చింది. 1996 డిసెంబర్ 11న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్‌ల ధర్మాసనం తీర్పు చెప్పింది. 1991 తీరప్రాంత నియంత్రణ ఉత్తర్వు పరిధిలో, అంటే పోటు రేఖకు 500 మీటర్లలోపు, రొయ్యల పరిశ్రమ ఉండరాదని, అక్కడి చెరువులను 1997 మార్చి 31లోగా తొలగించాలని ఆదేశించింది. సంప్రదాయ సాగుకు, దాన్ని కొంత మెరుగుపరిచిన పద్ధతికి మినహాయింపు ఇచ్చింది. పులికాట్, చిలికా సరస్సులకు 1000 మీటర్లలోపు కొత్త చెరువులకు తావులేదంది. కాలుష్యం కలిగించినవారే నష్టం భరించాలన్న సూత్రం ప్రకారం బాధితులకు పరిహారం చెల్లించాలని, మూతపడే చెరువుల కూలీలకు చట్టప్రకారం వచ్చే పరిహారానికి అదనంగా ఆరేళ్ల వేతనం ఇవ్వాలని కూడా చెప్పింది.

తీర్పు పూర్తిగా అమలు కాలేదు. పునఃపరిశీలన పిటిషన్ల మీద 1997లో కూల్చివేతలకు అడ్డుకట్ట పడింది. అయితే వ్యాధి నష్టాలతో అప్పటికే కుంగిన కార్పొరేట్ సంస్థలు సొంత సాగు నుంచి చాలావరకు తప్పుకున్నాయి.

2005 చట్టం

పార్లమెంటు 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. తీర నియంత్రణ ఉత్తర్వులోని నిషేధం ఈ సాగుకు వర్తించదని, అదీ 1991 ఫిబ్రవరి 19 నుంచే వర్తించనట్టు భావించాలని పేర్కొంది. తీర్పుకు పునాది అయిన ఆధారాన్నే చట్టం వెనకటి తేదీతో తొలగించింది. 500 మీటర్ల నిషేధం స్థానంలో, కొత్త చెరువులకు పోటు రేఖ నుంచి 200 మీటర్ల హద్దు వచ్చింది. ప్రతి చెరువుకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరైంది. చట్టాన్ని 2023లో సవరించారు.

వనామి, మందుల అవశేషాలు

ఆంక్షలు బయటి నుంచీ వచ్చాయి. పారిశుద్ధ్య లోపాలతో ఐరోపా సంఘం 1997లో భారత సముద్ర ఉత్పత్తులను నిలిపివేయడంతో ప్రాసెసింగ్ ప్లాంట్లు కొత్త ప్రమాణాలకు మారాయి. 2001–02లో ఆసియా రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు బయటపడ్డాక, సాగులో యాంటీబయాటిక్‌ల వాడకమే వివాదమైంది. అవశేషం దొరికితే కంటైనర్ వెనక్కి వస్తుంది. నష్టభయంతో కొనుగోలుదారు పట్టుబడికి ముందే పరీక్ష అడుగుతాడు. పరీక్షలో తప్పిన సరుకు రైతు దగ్గరే మిగిలిపోతుంది.

2009లో లాటిన్ అమెరికా పసిఫిక్ తీరానికి చెందిన వనామి రొయ్య వాణిజ్య సాగుకు కేంద్రం అనుమతించింది. వ్యాధిరహిత తల్లిరొయ్యలను చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించాకే హ్యాచరీలకు ఇవ్వాలని, చదరపు మీటరుకు 60 పిల్లలకు మించి వేయరాదని, చెరువు ఎంత చిన్నదైనా మురుగుశుద్ధి ఏర్పాటు ఉండాలని షరతులు పెట్టింది. చివరి షరతు చిన్న కమతాల రైతులకు కష్టమైంది. రెండెకరాల చెరువులో శుద్ధి గుంటకు చోటు వదిలితే సాగుభూమి తగ్గుతుంది.

రైతు సంఘాలు, ధ్రువీకరణ

చిన్న రైతుల ఇలాంటి చిక్కులకు ఒక పరిష్కారం అంతకుముందే పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు ప్రాంతంలో రూపుదిద్దుకుంది. ఒకే కాలువ మీద ఆధారపడిన రైతులు ఆక్వా క్లబ్‌గా చేరి, సీడ్ ఒకేసారి వేయడం, నీటి మార్పిడి వేళలు కలిసి నిర్ణయించుకోవడం మొదలుపెట్టారు. ఎంపెడా, ఆసియా-పసిఫిక్ ఆక్వాకల్చర్ కేంద్రాల సంస్థ (నాకా) కలిసి సాగించిన ఈ ప్రయోగం ఆధారంగా 2007లో జాతీయ సుస్థిర ఆక్వాకల్చర్ కేంద్రం (నాక్సా) ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం కాకినాడ.

ప్రపంచ స్థాయిలో ఆహార వ్యవసాయ సంస్థ 1995లో బాధ్యతాయుత మత్స్య పరిశ్రమ నియమావళిని ఆమోదించింది. 2010లో ఆక్వాకల్చర్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ ఏర్పడి, 2014లో రొయ్యల ప్రమాణం ప్రకటించింది. ఐరోపా, అమెరికా సూపర్‌మార్కెట్లు ఇలాంటి ధ్రువీకరణ ముద్రలను అడుగుతాయి. వాటికి కావలసిన రికార్డులు, తనిఖీల ఖర్చు విడిగా ఉన్న చిన్న రైతుకు అందుబాటులో ఉండదు. సంఘంగా చేరితే ఆ ఖర్చు పంచుకోవచ్చు.

మురుగు, కూలీలు

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ నిర్ణీత స్థాయి దాటిన సంస్థలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలంటుంది. సంస్థ సొంత వ్యాపారంలో భాగంగా చేసే పనులు ఆ లెక్కలోకి రావు. అందువల్ల ప్రాసెసింగ్ ప్లాంట్ తన మురుగును శుద్ధి చేయడం, పీలింగ్ షెడ్లలో మహిళలకు సరైన వేతనం ఇవ్వడం వేరే చట్టాల కింద దాని విధులే తప్ప సామాజిక వ్యయం కావు. ఈ విధుల మీదే తర్వాతి వివాదాలు వచ్చాయి. 2016లో భీమవరం దగ్గరి తుందుర్రులో ఆక్వా ఫుడ్‌పార్క్ మురుగు గొంతేరు కాలువలో కలుస్తుందని గ్రామస్థులు ఉద్యమించారు. 2024లో రొయ్యల ప్రాసెసింగ్‌లో కూలీల దుస్థితిపై అమెరికాలో నివేదికలు వెలువడ్డాయి. భారత ప్రభుత్వం ఆ ఆరోపణలను తోసిపుచ్చింది.

రాష్ట్రం 2020లో ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టంతో పాటు మేత నాణ్యతకు చట్టం చేసింది, సీడ్ నాణ్యత చట్టాన్ని సవరించింది. సీడ్‌లో వ్యాధి ఉన్నా, మేత నాసిరకమైనా నష్టపోయేది రైతే కాబట్టి, సరఫరాదారును కూడా జవాబుదారీ చేసే ప్రయత్నంగా ఈ చట్టాలకు ప్రాధాన్యం ఉంది.