అంతర్జాల ప్రత్యక్ష కచేరీలు - సామాజిక మాధ్యమాలలో ప్రచారం

అంతర్జాల ప్రత్యక్ష కచేరీ అనగా ఒకచోట జరుగుతున్న సంగీత కార్యక్రమాన్ని అదే సమయంలో అంతర్జాలం ద్వారా దూరప్రాంతాల శ్రోతలకు అందించే కార్యక్రమం. వాడుకలో దీనిని "లైవ్ కచేరీ", "ఆన్‌లైన్ కచేరీ" అని కూడా అంటారు. సభామందిరంలో జరిగే కచేరీకి గోడపత్రిక, కరపత్రం, పత్రికా ప్రకటన ఎటువంటివో ఈ కచేరీలకు ఫేస్‌బుక్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ వంటి సామాజిక మాధ్యమాలు అటువంటివి. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. గోడపత్రిక కచేరీ జరిగే చోటును తెలియజేసి ఊరుకుంటుంది. సామాజిక మాధ్యమంలో ప్రకటన, వేదిక, శ్రోతల సంభాషణ మూడూ ఒకే తెరపై ఉంటాయి. అందువలన ప్రచారం కచేరీ మొదలవడంతో ముగియదు. కచేరీ జరుగుతున్నంతసేపూ, ఆ తరువాత కూడా సాగుతుంది.

2020లో కోవిడ్-19 కారణంగా సభామందిరాలు మూతపడినప్పుడు ఈ పద్ధతి ప్రపంచమంతటా విస్తరించింది. లక్షల మంది శ్రోతలను ఒకచోట చేర్చడం సాధ్యమేనని, వారి ఆదరణను కళాకారుల జీవనోపాధిగా మార్చడం మాత్రం అంత సులభం కాదని ఆనాటి అనుభవాలు తెలిపాయి.

చరిత్ర

తొలి ప్రయోగాలు

1993 జూన్ 24న అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన "సివియర్ టైర్ డ్యామేజ్" అనే బృందం తన ప్రదర్శనను "ఎంబోన్" అనే వ్యవస్థ ద్వారా ప్రసారం చేసింది. అంతర్జాలంలో ప్రత్యక్షంగా ప్రసారమైన తొలి సంగీత బృందంగా దీనిని పేర్కొంటారు. బృందంలోని వారు కంప్యూటర్ సంస్థలలో పనిచేసే సాంకేతిక నిపుణులు. 1994 నవంబరు 18న సుప్రసిద్ధ రోలింగ్ స్టోన్స్ బృందం డల్లాస్ కచేరీలో కొంత భాగాన్ని ఇదే వ్యవస్థలో ప్రసారం చేయగా, దానికి కొద్దిసేపటి ముందు సివియర్ టైర్ డ్యామేజ్ బృందం తానూ ప్రసారం ప్రారంభించి, పిలవని పేరంటంగా "ముందు కచేరీ" చేసింది. పెద్ద పేరు కోసం చేరిన శ్రోతలకు చిన్న బృందం కూడా వినబడగలదని ఈ సంఘటన మొదటిసారిగా చూపింది.

2000 నవంబరు 28న లండన్ నగరంలోని బ్రిక్స్‌టన్ అకాడమీలో జరిగిన మడోన్నా కచేరీని మైక్రోసాఫ్ట్ సంస్థ అంతర్జాలంలో ప్రసారం చేసింది. మందిరంలో ఉన్నవారు కొన్ని వేల మంది మాత్రమే. అంతర్జాలంలో సుమారు 90 లక్షల మంది చూశారని నిర్వాహకులు ప్రకటించారు.

సామాజిక మాధ్యమాల రాక

2009 అక్టోబరు 25న కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్ క్రీడామైదానంలో యు2 బృందం చేసిన కచేరీ యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా ప్రసారమైంది. దీనిని సుమారు కోటిసార్లు చూసినట్లు యూట్యూబ్ తెలిపింది. 2011 నుండి అమెరికాలోని కోచెల్లా సంగీతోత్సవం యూట్యూబ్‌లో ప్రసారమగుచున్నది. 2018లో ఈ ఉత్సవంలో బియాన్సే కచేరీని ఒక దశలో ఏకకాలంలో 4,58,000 మంది చూశారు.

ఇటువంటి భారీ ప్రత్యక్ష ప్రసారాలు పెద్ద సంస్థలకే సాధ్యం. 2016లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఈ సౌకర్యాన్ని సామాన్య వాడుకరులకు కల్పించడంతో చేతి ఫోను ఉన్న ప్రతి గాయకుడూ ప్రసారకర్త కాగలిగాడు.

2020 నాటి విస్తరణ

2020 మార్చి 12న బెర్లిన్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందం ఖాళీ మందిరంలో కచేరీ చేసి ఉచితంగా ప్రసారం చేసింది. మార్చి 16న కోల్డ్‌ప్లే గాయకుడు క్రిస్ మార్టిన్ ఇంటినుండి ఇన్‌స్టాగ్రామ్‌లో పాడి, "టుగెదర్ ఎట్ హోమ్" అనే హ్యాష్‌ట్యాగ్‌తో ఇతర కళాకారులనూ పాడమని కోరాడు. ఇది ఒకరి నుండి ఒకరికి పాకి, ఏప్రిల్ 18న ప్రపంచ ఆరోగ్య సంస్థ, గ్లోబల్ సిటిజన్ కలసి జరిపిన "వన్ వరల్డ్: టుగెదర్ ఎట్ హోమ్" కార్యక్రమంగా రూపొందింది. దీని ద్వారా సుమారు 12 కోట్ల 80 లక్షల డాలర్లు సమకూరినట్లు ప్రకటించారు.

ప్రచార విధానం

ఈ కచేరీల ప్రచారాన్ని మూడు దశలుగా విభజించవచ్చును.

కచేరీకి ముందు

* ప్రకటన: తేదీ, సమయం, వేదిక లంకె, రుసుము వివరాలు స్పష్టంగా ఉండాలి. ఇతర దేశాల శ్రోతల కొరకు వారి కాలమానాన్ని కూడా తెలుపుతారు. ఉదాహరణకు డిసెంబరులో భారతదేశంలో సాయంత్రం 6 గంటలకు మొదలయ్యే కచేరీ న్యూయార్క్‌లో ఉదయం 7.30కు, కాలిఫోర్నియాలో తెల్లవారుజామున 4.30కు వస్తుంది.
* గుర్తుచేయడం: మందిరానికి టిక్కెట్టు కొన్నవాడు ప్రయాణానికి సిద్ధమవుతాడు. ఉచిత ప్రసారం చూడదలచినవాడు సులభంగా మరచిపోతాడు. కనుక యూట్యూబ్ వంటి వేదికలు గుర్తుచేసే మీటను ఏర్పాటు చేశాయి.
* చిన్న దృశ్యాలు: సాధనలోని ఒకటి రెండు నిమిషాల భాగాలు, వాద్యకారుల పరిచయాలు ముందుగా విడుదల చేస్తారు.
* శ్రోతల ఎంపిక: పాడవలసిన పాటలను శ్రోతలనే సూచించమంటారు. తాను కోరిన పాట వస్తుందేమోనన్న ఆసక్తి శ్రోతను కచేరీ చివరివరకు నిలుపుతుంది.

కచేరీ జరుగుతున్నప్పుడు

కళాకారునికి ఎదురుగా చప్పట్లు కొట్టేవారు ఉండరు. ఆ లోటును కొంతవరకు వ్యాఖ్యలు తీరుస్తాయి. వ్యాఖ్యలను గమనించి సమాధానమిచ్చుటకు, అసభ్యమైన వాటిని తొలగించుటకు వేరే వ్యక్తిని నియమించడం మంచి పద్ధతి. కళాకారుడు పాటకు పాటకు మధ్య శ్రోతలను పేరుపెట్టి పలకరించడం, వారి ఊళ్ళను ప్రస్తావించడం సాధారణం. శ్రోత ఇతరులకు లంకె పంపేది ఎక్కువగా ఈ సమయంలోనే.

కచేరీ తరువాత

కొందరు నిర్వాహకులు కచేరీ నమోదును ఒకటి రెండు రోజులు మాత్రమే ఉంచి తొలగిస్తారు. మరికొందరు చిన్న భాగాలుగా విభజించి తదుపరి కచేరీకి ప్రచారంగా వాడుకుంటారు. నమోదును శాశ్వతంగా ఉచితంగా ఉంచినచో, ప్రత్యక్షంగా చూడవలసిన అవసరం శ్రోతకు తోచదు. ఈ కారణంగానే 2020 జూలై 23న ప్రసారమైన నిక్ కేవ్ ఏకవ్యక్తి కచేరీని ముందుగా చిత్రీకరించినదే అయినా, మధ్యలో ఆపుటకు గాని మరల చూచుటకు గాని వీలులేకుండా అందించారు. 2020 జూన్ 6న లండన్‌లోని యూనియన్ ఛాపెల్ నుండి లారా మార్లింగ్ చేసిన కచేరీలను ప్రాంతాలవారీగా వేరువేరు సమయాలలో, టిక్కెట్టు కొన్నవారికి మాత్రమే ప్రసారం చేశారు.

ఉదాహరణ: బ్యాంగ్ బ్యాంగ్ కాన్

ఉచిత ప్రసారం రుసుము గల కచేరీకి ప్రచారంగా ఎట్లు ఉపయోగపడుతుందో దక్షిణ కొరియా బృందం బి.టి.ఎస్. ఉదాహరణ తెలుపుతుంది. 2020 ఏప్రిల్ 18, 19 తేదీలలో ఈ బృందం తన పాత కచేరీల దృశ్యాలను యూట్యూబ్‌లో ఉచితంగా వరుసగా ప్రసారం చేసింది. అవి క్రొత్త ప్రదర్శనలు కావు. అయినప్పటికీ అభిమానులందరూ ఒకే సమయంలో చూడడం, కచేరీలలో చేతబట్టే దీపాలను వీవర్స్ అనే అనువర్తనం ద్వారా ఇంట్లోనే ప్రసారానికి అనుసంధానం చేయడం, ఒకే హ్యాష్‌ట్యాగ్‌తో వ్యాఖ్యానించడం వలన అది ఒక ఉత్సవంగా మారింది. సుమారు 5 కోట్ల వీక్షణలు నమోదు కాగా, ఏకకాలంలో అత్యధికంగా 22 లక్షలకు పైగా చూశారు.

దీని తరువాత జూన్ 14న "బ్యాంగ్ బ్యాంగ్ కాన్: ది లైవ్" పేరుతో రుసుము గల ప్రత్యక్ష కచేరీ జరిగింది. 107 దేశాలు, ప్రాంతాల నుండి ఏకకాలంలో 7,56,000 మంది చూశారు. ఉచిత ప్రసారపు సంఖ్యతో పోల్చినచో ఇది మూడింట ఒక వంతు మాత్రమే. కానీ వీరందరూ డబ్బు చెల్లించి వచ్చినవారు. ఎన్నో ఏళ్ళుగా అభిమానులతో అనుబంధం పెంచుకున్న బృందానికే ఇది సాధ్యమైంది గాని, కేవలం ప్రకటనల వలన కాదు.

భారతదేశంలో

2020 మార్చి చివరి వారంలో గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఫేస్‌బుక్ ద్వారా శ్రోతలు కోరిన పాటలు పాడి, కోవిడ్ సహాయం కొరకు విరాళాలు సేకరించాడు. పెద్ద వేదిక, వాద్యబృందం లేకుండానే గాయకునికి, శ్రోతకు మధ్య నేరుగా సంబంధం ఏర్పడవచ్చునని తెలుగు శ్రోతలకు ఈ కార్యక్రమం చూపించింది. అదే సంవత్సరం ఏప్రిల్ 10 నుండి 12 వరకు భారతీయ గాయకుల హక్కుల సంఘం "సంగీత్ సేతు" పేరుతో కార్యక్రమం నిర్వహించింది.

2020 మే 3న ఫేస్‌బుక్‌లో ప్రసారమైన "ఐ ఫర్ ఇండియా" కచేరీ ద్వారా సుమారు 52 కోట్ల రూపాయలు సమకూరినట్లు ప్రకటించారు. ఇందులో చూసినవారు అంతర్జాలంలో ఇచ్చినది సుమారు 4 కోట్ల 30 లక్షలు కాగా, మిగిలినది వ్యాపార సంస్థలు, దాతలు ఇచ్చినది. శ్రోతల సంఖ్యకు, వారు చెల్లించే సొమ్ముకు గల అంతరాన్ని ఈ లెక్క స్పష్టం చేస్తుంది.

కర్ణాటక సంగీతానికి ముఖ్యమైన చెన్నై మార్గశిర మాసపు ఉత్సవాలు కూడా 2020 డిసెంబరులో అంతర్జాలానికి మారాయి. మద్రాసు మ్యూజిక్ అకాడమీ తన ఉత్సవాన్ని ఆన్‌లైన్‌లో జరిపింది. నగరంలోని పలు సభలు కలసి "యువర్స్ ట్రూలీ మార్గళి" పేరుతో ఉమ్మడిగా కచేరీలు అందించాయి. త్యాగరాజ కృతులలో అత్యధిక భాగం తెలుగులో ఉన్నందున ఈ కచేరీలు విదేశాలలోని తెలుగువారికీ ఉపయోగపడ్డాయి. చెన్నై వెళ్ళలేనివారు ఇంటివద్దనే వినగలిగారు.

భారతదేశంలో వేదికపై ఆధారపడుటలోని ప్రమాదం కూడా అదే ఏడాది తెలిసింది. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించడంతో, ఆ ఒక్క వేదికలోనే అభిమానులను సంపాదించుకున్న కళాకారులు వారిని మరొకచోట తిరిగి కూర్చుకోవలసి వచ్చింది. అందుచేత శ్రోతల ఈ-మెయిల్ జాబితా వంటి సొంత ఏర్పాటు ఉండడం అవసరమని భావిస్తారు.

వీక్షకుల లెక్కింపు

ప్రచారంలో వాడే సంఖ్యలు అన్నీ ఒకే అర్థం గలవి కావు.

* వీక్షణలు: ప్రసారాన్ని తెరచిన సార్లు. ఒకే వ్యక్తి పలుమార్లు తెరచినచో పలుమార్లు లెక్కకు వస్తుంది. ఫేస్‌బుక్ లెక్కలో 3 సెకన్లు చూసినా ఒక వీక్షణగా పరిగణించేవారు.
* ఏకకాల వీక్షకులు: ఒక క్షణంలో చూస్తున్నవారి సంఖ్య. సభలో నిండిన కుర్చీల సంఖ్యకు ఇది దగ్గరగా ఉంటుంది.
* సగటు వీక్షణ సమయం: శ్రోత ఎంతసేపు నిలిచాడన్నది. రెండు గంటల కచేరీ విజయాన్ని తెలుసుకొనుటకు ఇది ముఖ్యం. 2016 సెప్టెంబరులో ఫేస్‌బుక్ తాను ఇంతకుముందు ఇచ్చిన సగటు సమయం వాస్తవం కంటే ఎక్కువగా ఉన్నదని అంగీకరించింది.

సమస్యలు

ఆదాయం: ఉచిత కచేరీలకు అలవాటుపడిన శ్రోతలు రుసుము చెల్లించుటకు వెనుకాడతారు. పేరున్న గాయకునికి ప్రచారమైనా దక్కుతుంది. వయొలిన్, మృదంగం, ఘటం వాయించే పక్కవాద్య కళాకారులకు కచేరీ పారితోషికమే ఆధారం. గాయకుడు శ్రుతిపెట్టెతో ఒంటరిగా పాడి చేసే ఉచిత ప్రసారాలలో వారికి చోటు ఉండదు. ప్రచారపత్రంలో పక్కవాద్యకారుల పేర్లు కూడా ముద్రించడం, విరాళాల లంకెలో వారి వాటాను ముందే ప్రకటించడం కొంతవరకు పరిష్కారం.

ఆలస్యం: వేరువేరు ఇళ్ళలో ఉన్న కళాకారులు అంతర్జాలం ద్వారా కలసి వాయించడం కష్టం. శబ్దం చేరుటలో సెకనులో ముప్పయ్యవ వంతు ఆలస్యమైనా తాళం తప్పుతుంది. అందువలన 2020 నాటి అనేక "ఇంటినుండి" కచేరీలు విడివిడిగా నమోదు చేసి కలిపినవే.

శబ్ద నాణ్యత: మాటల కొరకు తయారైన అనువర్తనాలు తంబూరా వంటి నిరంతర ధ్వనిని రొదగా భావించి తగ్గించివేస్తాయి. ప్రసారానికి ముందు ఈ సదుపాయాన్ని నిలిపివేయవలెను.

కాపీహక్కులు: వేదికలు యంత్రం ద్వారా పాటలను పోల్చి చూస్తాయి. 2018 సెప్టెంబరులో పియానో విద్వాంసుడు జేమ్స్ రోడ్స్ తాను స్వయంగా వాయించిన బాఖ్ రచనను ఫేస్‌బుక్‌లో ఉంచగా, అందులో 47 సెకన్లు సోనీ సంస్థకు చెందినవని యంత్రం గుర్తించి శబ్దాన్ని నిలిపివేసింది. బాఖ్ 1750లో మరణించాడు. 1847లో మరణించిన త్యాగరాజు కృతులకు కూడా కాపీహక్కులు వర్తించవు. అయినా వాటిని పాడినప్పుడు ఇటువంటి చిక్కు రాగలదు.

2021 తరువాత

మందిరాలు తెరచుకున్న తరువాత ఈ కచేరీల సంఖ్య తగ్గినా పద్ధతి నిలిచింది. ఇప్పుడు చాలాచోట్ల ప్రసారం మందిరానికి బదులుగా కాక, మందిరానికి తోడుగా ఉంటున్నది. 2025 జనవరి 26న అహ్మదాబాదులోని నరేంద్ర మోదీ క్రీడామైదానంలో జరిగిన కోల్డ్‌ప్లే కచేరీ డిస్నీ+ హాట్‌స్టార్‌లో ప్రత్యక్షంగా ప్రసారమైంది. టిక్కెట్లు దొరకని అభిమానులకు ఇది అవకాశం కల్పించింది. చిన్న సభలకు, గ్రామీణ ప్రాంతాల కళాకారులకు మాత్రం సంఖ్య కంటే స్థిరమైన శ్రోతలే ప్రధానం. నెలకొకసారి నిర్ణీత సమయానికి పాడే గాయకునికి క్రమం తప్పక వచ్చి, తమకు తోచినంత చెల్లించే 200 మంది శ్రోతలు, ఒక్కసారి చూసి వెళ్ళే లక్ష మంది కంటే ఎక్కువ ఉపకరిస్తారు.

ఇవి కూడా చూడండి

* కర్ణాటక సంగీతం
* త్యాగరాజు
* ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం
* మద్రాసు మ్యూజిక్ అకాడమీ
* యూట్యూబ్
* కాపీహక్కు