సీషెల్స్ నీలి పావురం: దీవుల అడవిలో నిలిచిన రంగుల పక్షి

హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దేశానికే పరిమితమైన పక్షి సీషెల్స్ నీలి పావురం. దీని శాస్త్రీయ నామం అలెక్ట్రోయినాస్ పల్చెర్రిమస్. ఇందులోని రెండో పదానికి లాటిన్ భాషలో ‘మిక్కిలి అందమైనది’ అని అర్థం. మాహే, ప్రాలిన్, లా డీగ్, సిల్హూట్ తదితర గ్రానైట్ దీవుల అడవులలో ఇది నివసిస్తుంది. యునెస్కో 1983లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించిన ప్రాలిన్‌లోని వల్లే ద మే తాళవనంలోనూ ఇది కనిపిస్తుంది.

రూపం, పేరు

ఈ పావురం పొడవు సుమారు 24 సెంటీమీటర్లు. రెక్కలు, వీపు, తోక ముదురు నీలం రంగులో ఉంటాయి. మెడ, రొమ్ము వెండి ఛాయ గల తెలుపు. నడినెత్తిన, కళ్ల చుట్టూ ఈకలు లేని ఎర్రటి చర్మం ఉంటుంది. ఈ మూడు రంగులు నెదర్లాండ్స్ పతాకాన్ని తలపించడంతో స్థానిక క్రియోల్ భాషలో దీనిని ‘హాలండ్ పావురం’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు.

ఆహారం, సంతానం

పండ్లే దీని ప్రధాన ఆహారం. చెట్ల పైకొమ్మలపై తిరుగుతూ పండ్లను నమలకుండా మింగుతుంది. 18వ శతాబ్దంలో ఈ దీవులకు తెచ్చి నాటిన దాల్చినచెట్టు పండ్లనూ ఇది తింటుంది. నాలుగు పుల్లలతో పలుచని గూడు కట్టి ఒకటి లేదా రెండు గుడ్లు పెడుతుంది.

అంతరించిన బంధువు

ఇదే ప్రజాతికి చెందిన మారిషస్ నీలి పావురం ఇప్పుడు లేదు. ఈ రెండింటికీ 1786లో శాస్త్రీయ నామాలు పెట్టినది ఒక్కరే: ప్రకృతి శాస్త్రవేత్త జొవాన్ని స్కోపోలి. అడవుల నరికివేత, వేట, మనుషుల వెంట వచ్చిన జంతువుల కారణంగా మారిషస్ పక్షి 1830ల నాటికి కనుమరుగైంది. దాని చర్మపు నమూనాలు ప్రపంచంలో మూడే మిగిలాయి. అవి మారిషస్, పారిస్, ఎడిన్‌బరో మ్యూజియంలలో ఉన్నాయి.

ప్రస్తుత స్థితి

సీషెల్స్‌లో శాశ్వత జనావాసం 1770లో మొదలైంది. తరువాత తోటల కోసం అడవులు నరికారు. మాంసం కోసం ఈ పావురాన్ని వేటాడారు. దాని సంఖ్య బాగా తగ్గింది. అయితే కొండ అడవులు కొంత మిగలడం, వేట తగ్గడం దానిని కాపాడాయి. ఒకప్పుడు కనుమరుగైన కొన్ని చిన్న దీవులకు కూడా అది తిరిగి చేరింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో ఈ పక్షి నేడు అంతరించే ముప్పు తక్కువగా ఉన్న జీవుల వర్గంలో ఉంది.